చేదు దిగని ఉప్పు

ఆ రోజు కొఠారు వెనకాల మల్సున్ చేసిన పని మా దీవిలో ఇంకే ఉప్పుమడి మనిషీ చెయ్యడు. పాత బస్తాలు లోపల గోడవారగా నిలబెట్టి ఉన్నాయి. మూడు వేసవుల కిందటి ఉప్పు అది. చెక్కల మీద అంతకాలం నిలబడి, తనలోని చేదునీరంతా బొట్టుబొట్టుగా దించేసుకుంది. పిడికిట పట్టి వదిలితే ఒక్క గింజ చేతికి అంటదు. ఏటేటా చలికాలానికి క్యాబేజీలు ఉప్పులో ఊరవేసి, కారం మెత్తి కిమ్చి పెట్టుకునే రోజులకు అలాంటి బస్తా ఒకటి మరిది ఇంటికి పంపడం ఆ కుటుంబంలో ఆనవాయితీ. మల్సున్ ఆ ఏడు పాత బస్తాల వంక కన్నెత్తి చూడలేదు. ఆ వేసవిలో తీసిన కొత్త బస్తా విప్పి, కొఠారు వెనక ఎండలో చాప మీద పరిచి, పైతడి ఆరాక మళ్ళీ బస్తాలోకి ఎత్తింది. మీద నాలుగు దోసిళ్ళు పాత ఉప్పు పోసి మూతికి తన ముడి వేసింది. ఆ ముడి చూశాక మరిది భార్య జొమ్నే బస్తా అడుగుకు చెయ్యి పెట్టి చూడదు.

కొత్త ఉప్పుతో కిమ్చి పెడితే ఏమవుతుందో మా దగ్గర ఎవరినడిగినా చెబుతారు. పెట్టిన రోజున ఏమీ కాదు. ఆ తరవాతి వారమూ బాగానే ఉంటుంది. చలి ముదిరి, జాడీలో కిమ్చి పులిసే వేళకు అసలు సంగతి బయటపడుతుంది. ఆకు పీచు వదిలి మెత్తబడిపోతుంది, నాలుక చివర చేదు పట్టుకుని నీళ్ళు తాగినా వదలదు. మల్సున్‌కు కావలసిందే అది. ఇవాళ కొట్టిన దెబ్బ ఇవాళే తగిలి మానిపోతే ఆమె కడుపుమంట చల్లారదు. జొమ్నే జాడీలు నింపుకుని, మూతలు పెట్టుకుని, నిశ్చింతగా కూర్చున్నాక, నలుగురూ చూస్తుండగా తగలాలి.

జొమ్నే పరాయిది కాదు, తోడికోడలు. అన్నదమ్ములిద్దరివీ పక్కపక్క ఉప్పుమళ్ళు. అన్న, అంటే మల్సున్ భర్త, పోయి చాలా కాలమైంది. అప్పటి నుంచీ మళ్ళు మరిది చూసుకుంటున్నాడు, కొఠారు మల్సున్ చూసుకుంటోంది. ఆడవాళ్ళిద్దరూ ఒకే చర్చిలో, ఒకే వరసలో, ఒకే పాటల పుస్తకంలోంచి పాడుకుంటూ ముసలివాళ్ళయ్యారు. జొమ్నే చేతి కిమ్చి అంటే దీవి మొత్తానికీ గొప్ప. చర్చి వంటింటి పెత్తనం ఆమెదే, తాళంచెవి ఆమె నడుముకే వేలాడేది. ఇంత కలిసిమెలిసి ఉన్న మనుషుల మధ్య పగ ఎలా పుట్టిందంటారా? ప్రార్థనలో పుట్టింది. నవ్వకండి, నిజం.

మల్సున్‌కు ఒక్కడే కొడుకు, సుంగ్మో. మొక్పో పట్నంలో పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. తాగుడు పట్టుకుంది. పెళ్ళాం వదిలి వెళ్ళింది. చివరికి తనంతట తనే వెళ్ళి తాగుడు మాన్పించే ఆసుపత్రిలో చేరాడు. చేరేముందు తల్లికి ఫోన్ చేసి, దీవిలో ఒక్కరికి కూడా చెప్పొద్దని మాట తీసుకున్నాడు. మల్సున్ మాటిచ్చింది. కొన్నాళ్ళు కడుపులో దాచుకుంది. దాచుకోలేక ఒకనాడు క్యాబేజీ మొక్కలకు నీళ్ళు పోస్తూ జొమ్నే ఒక్కదానికి చెప్పుకుని ఏడ్చింది. జొమ్నే కూడా ఏడ్చింది. నా గొంతు దాటదక్కా అంది.

మా చర్చిలో తెల్లవారుజాము ప్రార్థన ఎలా ఉంటుందంటే, పాస్టర్ గారు "ప్రభువా" అని మూడుసార్లు పిలిపించగానే అందరూ ఒక్కసారే గొంతెత్తి ఎవరి మొర వాళ్ళు పెట్టుకుంటారు. ఆ హోరులో పక్కవాళ్ళ మాట పక్కవాళ్ళకు వినబడదు. మనిషి తన కడుపులో ఉన్నదంతా అక్కడ అరిచి చెప్పుకోవచ్చు, గుట్టు గుట్టుగానే ఉంటుంది. కొంతసేపయ్యాక పాస్టర్ గారు బల్ల మీది గంట కొడతారు. గంట మోగితే అందరూ ఠక్కున ఆగాలి. ఆ రోజు గంట మోగింది. అందరూ ఆగారు. జొమ్నే ఆగలేదు.

"తాగుడు ఆసుపత్రిలో పడి ఉన్న మా సుంగ్మోను విడిపించు తండ్రీ, పెళ్ళాం వదిలేసిపోయిన ఆ బిడ్డను మళ్ళీ మనిషిని చెయ్యి" అన్న మాటలు నిశ్శబ్దంగా ఉన్న చర్చిలో గోడగోడకూ తగిలాయి. తరవాత ఆమె కళ్ళు తెరిచి, ఆమెన్ అని, తల వంచుకుంది. మధ్యాహ్నానికి దీవి అంతా తెలిసిపోయింది. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు, అదే మరీ ఘోరం. అందరూ జాలిపడ్డారు.

మల్సున్ ఆ సాయంత్రమే జొమ్నే వాకిట్లో నిలబడి కడిగేసింది. జొమ్నే క్షమించమని ఉంటే కథ అక్కడే తెగిపోయేదేమో. ఆమె మొహం ఎర్రబడింది, చేతులు నడుముకు కట్టుకున్న వంటగుడ్డకు తుడుచుకుంది, చివరికి ఇలా అంది.

"నీ కొడుకు కోసం ప్రార్థన చేశానక్కా. ప్రార్థన చెయ్యడం కూడా తప్పేనా?"

ఆ మాట మల్సున్ గుండెలో మేకులా దిగింది. దానికి ఏమని బదులు చెబుతారు? తప్పని ఎవరనగలరు? దేవుణ్ణి అడ్డం పెట్టుకుని నిలబడ్డ మనిషిని ఎటునుంచి కొట్టాలో తెలియక ఆమె ఇంటికి వచ్చేసింది.

ఆ శరత్కాలంలో పంటల పండుగకు సుంగ్మో ఆసుపత్రి నుంచి నేరుగా దీవికి వచ్చాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల్లికి పళ్ళ బుట్ట పట్టుకుని లాంచీ దిగాడు. రేవులోనే సంఘపెద్ద కూ గారు రెండు చేతులూ పట్టుకుని, నీ కోసం అందరం మొరపెడుతున్నాం నాయనా అన్నాడు. వెనక ఇంకో ఇద్దరు తలలూపారు. సుంగ్మో తల్లి వైపు ఒక్క చూపు చూశాడు. పళ్ళ బుట్ట ఆమె చేతిలో పెట్టి, అదే లాంచీ ఎక్కి వెళ్ళిపోయాడు. తరవాత మళ్ళీ దీవి గట్టు తొక్కలేదు. ఫోన్ చేస్తే ఎత్తడు. ఎత్తినా ఊఁ, ఆఁ అని పెట్టేస్తాడు. కొన్నాళ్ళకు మల్సున్ చెయ్యడమే మానేసింది.

గంట వినబడీ కావాలనే నోరు ఆపక, ఆమె కొడుకును జొమ్నే ఎత్తుకుపోయింది. మల్సున్ లెక్క అది. ఆ లెక్కకు అటూ ఇటూ ఇంకేమీ లేదు. చర్చికి వెళ్ళినా, మడి గట్టున నడిచినా, అన్నం ముందు తల వంచినా ఆమెకు ఆ గొంతే వినబడేది. పగ కూడా పెంపుడు జంతువే. రోజూ ఇంత మేత పడేస్తేనే బతుకుతుంది. ఆ రెండేళ్ళలో మల్సున్ ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

మూడో ఏడు, ఆ కొత్త ఉప్పుతో కిమ్చి పెట్టే రోజున జొమ్నే వాకిలి నిండా ఆడవాళ్ళు. ముందు రోజు సాయంత్రం నుంచీ ఉప్పునీళ్ళలో నానిన క్యాబేజీలు గుట్టలుగా పడి ఉన్నాయి. మల్సున్ కూడా వెళ్ళింది. వెళ్ళకపోతే అనుమానం వస్తుందని కొంత, తన దెబ్బ ఎంత బాగా దిగుతోందో కళ్ళారా చూసుకోవాలని కొంత. ఎర్ర రబ్బరు చేతితొడుగులు వేసుకుని, అందరితో పాటు కీర్తనలు పాడుతూ, ఆకు ఆకుకూ కారం మెత్తింది. క్షమాపణ గురించిన పాట వచ్చినప్పుడు ఆమె గొంతు మిగతావాళ్ళ కంటే పైకే లేచింది.

మధ్యాహ్నం ఉడికించిన పంది మాంసం వచ్చింది. జొమ్నే లేత ఆకు ఒకటి తుంచి, దాంట్లో మాంసం ముక్క చుట్టి, అందరికంటే ముందు మల్సున్ నోటికి అందించింది. అందరూ చూస్తున్నారు. మల్సున్ నోరు తెరవక తప్పలేదు. ఉప్పు ఎలా ఉందక్కా అని జొమ్నే అడిగింది. మీ బావగారు ఉన్నప్పటి ఉప్పులా ఉంది అంటూ మల్సున్ నమిలి మింగింది. అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో ఆమెకే ముచ్చటేసింది.

జాడీలన్నీ నిండాక జొమ్నే ఒక మూతబిగువు డబ్బా తెచ్చి, లోపలి తెల్లటి ఆకులున్న మంచి కిమ్చి ఏరి ఏరి అందులో సర్దింది. ఎవరికమ్మా అంత మంచిదంతా అని ఒకామె అడిగితే, బయటికి పంపాలిలే అని మాట దాటేసింది. క్వాంగ్జులో ఉన్న కూతురికి కాబోలని మల్సున్ అనుకుంది. వియ్యాలవారి ముందు పరువు కూడా పోతుంది, ఇంకా మంచిదే అని లోలోపల సంతోషపడింది కూడా.

ఇక కాచుక్కూర్చోవడమే. క్రిస్మస్ వెళ్ళింది. ఉప్పుమళ్ళ మీద మంచు కురిసింది. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్లకు ముందు ఆదివారం పాస్టర్ నామ్ గారు కోపం గురించి ప్రసంగించారు. ఆయన కుర్రవాడు, పట్నం నుంచి వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు, పాత గొడవలు ఆయనకు తెలియవు. బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చిన మనిషికి, తన మీద ఒకరికి ఏదో కోపం ఉందని అక్కడ గుర్తొస్తే, కానుక అక్కడే వదిలెయ్యాలట. ముందు వెళ్ళి ఆ మనిషితో సమాధానపడి, తరవాత వచ్చి కానుక ఇవ్వాలట. మల్సున్‌కు ఆ ప్రసంగం ఎంతో నచ్చింది. ఎవరి మీద ఎవరికి ఉంది? జొమ్నే మీద తనకు ఉంది. కాబట్టి రావలసింది జొమ్నే. తనకు ఇందులో పనేమీ లేదు. ఆమె పక్కకు తిరిగి జొమ్నే మొహం చూసింది. జొమ్నే ఒళ్ళోని చేతుల వైపు చూసుకుంటోంది. బాగా తగిలిందిలే అనుకుంది మల్సున్, ఆ తరవాతి ఆదివారం గిన్నెలోని ద్రాక్షారసం నిండు మనసుతో తాగింది.

చలి చివర్లో చుట్టుపక్కల దీవుల సంఘాలన్నీ మా చర్చిలో కూడుకున్నాయి. భోజనాలకు జొమ్నే జాడీలు తీశారు. మల్సున్ అన్ని బల్లలూ కనబడే చోటు చూసుకుని కూర్చుంది. సూపు వడ్డించారు, అన్నం వడ్డించారు, కిమ్చి పళ్ళేలు వచ్చాయి. సంఘపెద్ద కూ గారు పెద్ద ముక్క నోట్లో వేసుకుని నమలడం ఆపాడు. పక్క దీవి నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకామె నెమ్మదిగా నీళ్ళ గ్లాసు అందుకుంది. పళ్ళేలన్నీ అలాగే నిండుగా ఉండిపోయాయి. మల్సున్ ఒంట్లో వెచ్చగా ఏదో పాకింది. ఇన్నాళ్ళ తరవాత ఆమెకు నిజంగా ఆకలేసింది.

ఇప్పుడు జొమ్నే నా వైపు చూస్తుంది, ఉప్పు ఇచ్చింది మా అక్కే అంటుంది, అప్పుడు నేను ఇలా అంటాను అని మల్సున్ మాట సిద్ధం చేసుకుని ఉంది. నేను ఉప్పు ఇచ్చాను, ఉప్పు ఇవ్వడం కూడా తప్పేనా? ఎన్ని రోజులుగానో పదును పెట్టుకున్న మాట అది. కానీ జొమ్నే వంటింటి గుమ్మంలోకి వచ్చి, తడి చేతులు ముందుకు కట్టుకుని, తప్పు నాదే, ఆకులు సరిగా కడగలేదు, వయసైపోయింది, చెయ్యి తప్పింది అంది. మల్సున్ పేరు ఎత్తలేదు. వారం తిరగకుండానే ఆడవాళ్ళు చాలా మర్యాదగా, ఈ ఏడు నువ్వు విశ్రాంతి తీసుకో అని వంటింటి తాళంచెవి అడిగి తీసుకున్నారు.

మల్సున్ ఇంటికి వచ్చి రెండు గిన్నెల అన్నం తిన్నది. తాళంచెవి లేని జొమ్నే నడుమును గుర్తు తెచ్చుకుని మరీ తిన్నది. కానీ పడుకోబోయేముందు చిరాకు పుట్టుకొచ్చింది. నోట్లో పెట్టుకున్న మాట అలాగే ఉండిపోయింది. ఆమె ఎందుకు చెప్పలేదు? ఉప్పు సంగతి తెలియకా, తెలిసా? తెలిసే చెప్పకపోతే, ఆ పెద్దమనిషి తరహా ఎవరి దగ్గర? పగ తీరింది, అయినా పగ తీరిన మనిషికి పట్టవలసిన నిద్ర పట్టలేదు.

మంచు కరిగాక చర్చిలో ఎండిన సోయా ముద్దలు ఉప్పునీళ్ళలో ఊరబెట్టి, వంటల్లోకి సోయా రసం పెడతారు. దానికి ఉప్పు మల్సున్ కానుక. కొఠారులోంచి మూడేళ్ళ పాత బస్తా తీసి, చిన్న బండి మీద వేసుకుని ఆమె చర్చి ఎత్తు ఎక్కుతోంది. దేవుడికిచ్చే ఉప్పు దగ్గర ఆమె ఎన్నడూ తేడా చెయ్యలేదు, ఆ విషయంలో నిక్కచ్చి మనిషి. చర్చి మెట్ల దగ్గరికి వచ్చేసరికి జేబులో ఫోన్ మోగింది. సుంగ్మో.

"అమ్మా, ఒంట్లో బాగుంటోందా?"

"బాగానే ఉన్నాన్రా" అంది, బండి మెట్ల పక్కన ఆపి.

"నాలుక్కి రుచి తెలుస్తోందా? అబద్ధం చెప్పకు."

"అదేం ప్రశ్నరా?"

"ఈ ఏడు నువ్వు పంపిన కిమ్చి చేదుగా ఉందమ్మా. ముందు బాగానే ఉంది, పులిసేకొద్దీ నోట పెట్టలేకపోయాను. అన్నిట్లో తప్పు చేస్తావేమో గాని ఉప్పులో నువ్వు తప్పు చెయ్యవు. మతిమరపు గాని వచ్చిందేమోనని భయమేసింది."

మల్సున్ బండి పిడి గట్టిగా పట్టుకుంది. ఏ కిమ్చి అని అడగబోయి నోరు మూసుకుంది. సుంగ్మో ఎప్పుడూ లేనంతగా మాట్లాడుతున్నాడు. దీవి నుంచి తిరిగి వెళ్ళిన ఏడాది చలికాలంలో, పని దొరక్క, మనిషి తోడు లేక, ఒక సాయంత్రం సీసా కొనుక్కుని గదికి వచ్చాడట. గుమ్మంలో డబ్బా ఉందట, దాని మీద అమ్మ పేరు. ఆ పూట సీసా మూత తియ్యలేదు. అన్నం వండుకుని తిన్నాడు. తరవాతి ఏడూ వచ్చింది, ఈ ఏడూ వచ్చింది.

"నువ్వు మాట తప్పావని నీ మీద చాలా కోపం ఉండేదమ్మా. ఫోన్ చెయ్యకపోయినా, పలకరించకపోయినా, అది మాత్రం పంపుతూనే ఉన్నావు. దాన్ని బట్టే నిలబడ్డాను. నాకే మొహం చెల్లక ఇన్నాళ్ళు ఆగాను. శనివారం లాంచీకి వస్తున్నా."

మల్సున్ ఫోన్ జేబులో పెట్టేసింది. ఏరి ఏరి సర్దిన ఆ తెల్లటి ఆకులు కళ్ళముందు కనబడ్డాయి. తన చేత్తోనే వాటికి కారం మెత్తింది. తన ఉప్పు తన కొడుకు నాలుక మీదికే వెళ్ళింది. కానుక బస్తాను చర్చి మెట్ల దగ్గరే, బండితో సహా వదిలేసి ఆమె గిరుక్కున తిరిగింది. పాస్టర్ గారి ప్రసంగం గుర్తొచ్చి వదిలిందనుకునేరు. కాదు, కోపంతో వదిలింది. జొమ్నే ఇంటికి వెళ్ళినంత దూరమూ ఆమె పళ్ళు నూరుతూనే ఉంది.

జొమ్నే వాకిట్లో జాడీలు బోర్లించి కడుగుతోంది. చేదు కిమ్చి అంతా పెరటి గోతిలో పోసి ఉంది.

"నా పేరు పెట్టి నా కొడుక్కి కూడు పంపడానికి నువ్వెవరే?" అంది మల్సున్, గుమ్మం దాటకుండానే.

జొమ్నే చేతిలోని పీచు కింద పెట్టింది. తెలిసిపోయిందా అన్నట్టు చూసింది గాని ఆ మాట అనలేదు.

"నా పేరుతో పంపితే తింటాడా అక్కా? విసిరి కొడతాడు."

"మరి ఇన్నేళ్ళూ నాతో ఒక్క మాట అనవేం?"

"ఏమనను? క్షమించమని నీ వాకిట్లోకి చాలాసార్లు వచ్చాను. నీ మొహం చూసి వెనక్కి పోయాను. కిమ్చి పెట్టడమైతే వచ్చు, అది చేశాను." జొమ్నే లేచి నిలబడింది. మోకాళ్ళు పట్టేసి జాడీ అంచు పట్టుకుంది. "ఇంకోటి కూడా చెబుతాను, విను. తరవాత కొట్టినా సరే. ఆ రోజు గంట నాకు వినబడింది."

మల్సున్ గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేసింది.

"వినబడిందక్కా. ఒక్క ఊపిరి సేపు వినబడింది. నోరు ఆపగలిగేదాన్నే. సుంగ్మో సంగతి నీ తరవాత నాకే తెలుసు, నా ప్రార్థన ఎంత బరువైనదో వీళ్ళూ విననీ అని లోపల ఏదో అంది. ఆ ఊపిరితో నీ కొడుకును వెళ్ళగొట్టాను. ఆ తరవాత ప్రార్థన తప్పా అని నిన్నే అడిగాను."

మల్సున్ అనుకున్నది అనుకున్నట్టే నిజమైంది. ఇంతకాలం తను వట్టి అనుమానంతో కాలిపోలేదు. ఈ మాట కోసమే కదా ఆమె మూడు చలికాలాలు కాచుక్కూర్చుంది, ఇప్పుడు జొమ్నే జుట్టు పట్టుకున్నా తప్పు పట్టేవాళ్ళు లేరు. కానీ నోట్లో పదును పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ పనికొచ్చేలా లేదు. వాటికి బదులు ఇంకోటి వచ్చింది.

"ఉప్పు..."

"తెలుసు" అంది జొమ్నే. "చలి ముదిరాక జాడీలో వేలు పెట్టి నాకి చూశాను. నీ కొఠారులో తప్పు జరగదు, తప్పు చేస్తేనే జరుగుతుంది."

"మరి అందరి ముందూ చెప్పవేం?"

"ఏం లాభం? ఉప్పు ఇవ్వడం కూడా తప్పేనా అంటావు. నేనే కదా నేర్పాను." ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "కానీ నాకు ఉడికిపోయిందక్కా. తాళంచెవి ఇచ్చేసిన రోజు నిన్ను తిట్టని తిట్టు లేదు, మోకాళ్ళ మీద ఉండే తిట్టాను. పాడు డబ్బా అప్పటికే వాడికి చేరిపోయింది. తినకురా అని చెప్పాలంటే ఎవరు పంపారో చెప్పాలి."

ఇద్దరూ కడిగిన జాడీల మధ్య నిలబడ్డారు. సుంగ్మో శనివారం వస్తున్నాడని మల్సున్ చెప్పింది. జొమ్నే మొహం ఒక్కసారి వెలిగి మళ్ళీ మాడిపోయింది. డబ్బాల సంగతి వాడికి చెప్పొద్దని ఆమె బతిమాలింది. వాడు తల్లి పంపిందనుకునే నిలబడ్డాడు, తల్లి పంపిందనుకునే వస్తున్నాడు, ఇప్పుడు కాదంటే మళ్ళీ అదే లాంచీ ఎక్కుతాడు. ఆ కిమ్చి నీదే అక్కా, ఉంచుకో, నేను చెల్లించవలసింది అలా చెల్లిందనుకుంటాను అంది.

మల్సున్ ఇంటికి వచ్చింది. ఉంచుకోవచ్చు. ఎవరికీ నష్టం లేదు, ఈసారి ఆ మాట నిజంగానే జొమ్నే గొంతు దాటదు. కొడుకు దక్కుతాడు, తోడికోడలు జీవితాంతం తల వంచుకుని ఉంటుంది. అంతకంటే తియ్యటి పగ ఎక్కడ దొరుకుతుంది? శుక్రవారమంతా ఆమె ఆ తీపిని నోట్లో తిప్పుకుంటూనే ఇల్లు తుడిచింది, చేపలు తోమింది. కానీ తుడుస్తున్నంతసేపూ పాస్టర్ గారి ప్రసంగం కాలికి అడ్డం పడుతూనే ఉంది. తన మీద ఒకరికి ఏదో ఉందని గుర్తొస్తే. ఎవరి మీద తనకు ఉందో ఆమెకు ఇన్నాళ్ళూ కంఠతా వచ్చు. తన మీద ఎవరికి ఉందో ఒక్కసారీ వెతుక్కోలేదు.

శనివారం లాంచీ నుంచి సుంగ్మో దిగాడు. కణతల దగ్గర జుట్టు నెరిసింది, మనిషి మాత్రం చక్కగా నడిచాడు. కూ గారు రేవులో ఎదురై నోరు తెరవబోతే మల్సున్ చూసిన చూపుకు ఆయన టోపీ సర్దుకుని పక్కకు తప్పుకున్నాడు. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాక సుంగ్మో సంచీలోంచి చిన్న గిన్నె తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వే రుచి చూడమ్మా. నేను కల్పించి చెబుతున్నానేమో చూడు" అన్నాడు నవ్వుతూ.

తన చేతి చేదును మల్సున్ అంతవరకూ నోట పెట్టలేదు. చర్చి భోజనంలో కూడా తన పళ్ళెంలోని ముక్కను అన్నం కింద దాచేసింది. ఇప్పుడు అన్నం తినే పుల్లలతో ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. మెత్తగా, చచ్చినట్టుగా ఉంది. చేదు నాలుక చివర పట్టుకుని గొంతు దాకా దిగింది. నమిలింది. మింగింది.

"ఇది నేను పంపలేదురా. మూడు చలికాలాలుగా పంపింది మీ పిన్ని. ఉప్పొక్కటే నాది. ఆమె మీద కోపంతో, తెలిసే ఇచ్చాను."

సుంగ్మో నవ్వు ఆగిపోయింది. పుల్లలు బల్ల మీద పెట్టేశాడు. బయట గాలికి కొఠారు తలుపు కొట్టుకుంటోంది. ఆ గిన్నె వైపు చూస్తూ అడిగాడు.

"మరి ఈ మూడేళ్ళలో నువ్వేం పంపావు?"

మల్సున్ జవాబు వెతుక్కుంది. ఎంత వెతికినా ఒక్కటే దొరికింది.

"ఏమీ పంపలేదు. ఆమెను తిట్టుకుంటూ కూర్చున్నాను. ఆమెను తిడుతున్నంతసేపూ నా సంగతి గుర్తు రాదు. గంట మోగాక నోరు జారింది ఆమె. దానికంటే ముందు జారింది నేనురా. నీకు మాటిచ్చింది నేను, మీ పిన్ని కాదు. నన్ను క్షమించు."

రేపు చర్చిలో అందరి ముందూ ఉప్పు సంగతి చెబుతానని, జొమ్నే తాళంచెవి జొమ్నేకు ఇప్పిస్తానని కూడా అనబోయింది గాని, అది కొడుకు దగ్గర మెప్పు కోసం అన్నట్టు ఉంటుందని ఊరుకుంది. సాయంత్రం లాంచీకి ఇంకా వేళ ఉంది. వెళ్ళదలుచుకుంటే సుంగ్మో వెళ్ళొచ్చు. అతను కిటికీలోంచి రేవు వైపు చూస్తున్నాడు.

వాకిట్లో జాడీల పక్కన ఎవరో కదిలారు. జొమ్నే, చేతిలో మూతపెట్టిన గిన్నెతో, లోపలికి రావాలో వెళ్ళిపోవాలో తెలియక నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. సుంగ్మో లేచి గుమ్మం దాకా వెళ్ళాడు.

"అన్నం చల్లారిపోతోంది పిన్నీ, లోపలికి రా" అన్నాడు.

మల్సున్ లేచి ఇంకో గిన్నె, ఇంకో జత పుల్లలు తెచ్చి బల్ల మీద పెట్టింది. జొమ్నే తెచ్చిన గిన్నెకు చోటు చెయ్యాలని చేదు కిమ్చి తీసెయ్యబోతే సుంగ్మో చెయ్యి అడ్డం పెట్టాడు. ఉండనీ అమ్మా అని, ఆ గిన్నెను ముగ్గురికీ అందేలా మధ్యకు జరిపాడు.